బానెట్ మనమే ఎత్తుదాం: ఇంటికాడ బండి పని గురించి నాలుగు మాటలు



ఈ పోస్టు కొంచెం పొడుగైతది. తీరిక ఉన్నప్పుడు చదవండి, లేకపోతే సేవ్ చేస్కొని పెట్టుకోండి. మన గ్రూపుల నోటిఫికేషన్ల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పోడు పట్టాల గురించి చాలా మాట్లాడుకుంటం. బండ్ల గురించి మాత్రం కొన్న రోజు పూలదండ వేసి ఫొటో పెట్టినప్పుడే మాట. ఆ తర్వాత ఆ బండికి ఎంత ఖర్చయింది, ఎన్ని రోజులు షెడ్డుల పడి ఉంది, కిస్తీ ఎట్ల కట్టిన్రు అన్నది ఎవ్వరం రాయం. అందుకే ఇది రాస్తున్నం.

మేం నలుగురం హన్మకొండల ఒకే హాస్టల్ల ఉండి చదువుకున్నోళ్ళం. ఇద్దరివి జనగామ జిల్లా దేవరుప్పుల దిక్కు తండాలు. ఒకరిది మానుకోట జిల్లా గూడూరు దిక్కు. ఇంకొకరిది భూపాలపల్లి జిల్లా మహాముత్తారం దిక్కు కోయగూడెం. మా నలుగురి ఇండ్లల్ల కలిపి రెండు కార్లు, ఒక పాత ట్రాక్టరు, ఒక ప్యాసింజర్ ఆటో ఉన్నయి. ఆటో తప్ప అన్నీ సెకండ్ హ్యాండ్. మీ ఇండ్లల్ల కూడా దాదాపు ఇదే లెక్క ఉంటది. తండాల కారు అంటే షోకు కాదు. రాత్రిపూట నొప్పులొచ్చిన వదినెను దవాఖానకు తీస్కపోయేది అదే. మిర్చి బస్తాల వెనుక ఏనుమాముల మార్కెట్‌కు మనుషులు పోయేది అదే. పొద్దున సెల్ఫ్ కొడితే స్టార్ట్ అయితదా కాదా అన్నది ఇంటి మొత్తానికి సంబంధించిన ముచ్చట.

బరువు మోసినోళ్ళకు ఎద్దు సంగతి తెలుసు

లంబాడీ పెద్దలు లదేణి గురించి చెప్తరు. వేల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేస్కొని తీరం నుంచి లోపలి ఊర్లకు, మొగలు సైన్యాలు దక్కన్‌కు వచ్చినప్పుడు వాళ్ళ దండు ఉన్నకాడికి మోసింది మన జాతే. ఎద్దు కుంటితే ఎందుకు కుంటుతున్నదో, మేత మానితే ఏ రోగమో నడిపించేటోడే చూసుకునేది. దారి మధ్యల ఇంకొకరి కోసం ఎదురుచూస్తే బిడారు నడవది. కోయగూడేల్ల అయితే బండి ఇరుసుకు ఏ కర్ర, కాడికి ఏ కర్ర అని అడవిల చెట్టును చూసి చెప్పే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నరు.

నిజాం రైలు లైను 1889 నాటికి సికింద్రాబాద్ నుంచి బెజవాడ దాకా చేరింది. జనగామ, కాజీపేట, మానుకోట, డోర్నకల్ మీదుగా ఇప్పుడు మనం ఎక్కే లైను అదే. దేశం మొత్తంల రైళ్ళు, రోడ్లు వచ్చినంక లదేణి బతుకు పోయింది. సరుకు మోసే జాతి చేతుల నుంచి సరుకు పోయింది. నూరేండ్లు దాటినంక మనోళ్ళు మళ్ళీ స్టీరింగ్ పట్టుకున్నరు. ఆటోలు, టాటా మ్యాజిక్‌లు, ట్రాక్టర్లు, క్యాబులు. కానీ తేడా ఏందంటే, సీటు మనది, బానెట్ కింద ఉన్నది మాత్రం ఇంకొకరి రాజ్యం. లోపల ఏముందో తెల్వదు కాబట్టి ఎంత అడిగితే అంత ఇచ్చి వస్తున్నం.

ఒక రబ్బరు గొట్టం కథ

మా దాంట్ల ఒక కారు పాత మారుతి 800. కొన్న ఏడాదికి నిలబెట్టినప్పుడు ఇంజిన్ ఊగుడు మొదలైంది. ఒకసారి రేస్ పెరుగుతది, ఒకసారి పడిపోతది, ఎర్రలైటు కాడ ఆగితే బంద్ అయితది. టౌన్ల ఒక షెడ్డుకు తీస్కపోతే చూసి, "ఇంజిన్ బోర్కొచ్చింది, దించాలె" అన్నరు. చెప్పిన ఖర్చు కారు కొన్న ధరల సగానికి దగ్గర. బాపు మిర్చి పైసలు తీసి ఇద్దామనుకున్నడు.

అప్పుడు మాకు ఒక దోస్తు గుర్తొచ్చిండు. మాలో ఒకరితోని ఆశ్రమ పాఠశాలల పదో తరగతి దాకా చదివిండు. ఇంట్ల పరిస్థితి బాగలేక అక్కడితో చదువు ఆపి, వేరే ఊర్ల ఒక షెడ్డుల హెల్పర్‌గా చేరిండు. ఆదివారం తండాకు వచ్చిండు. బానెట్ ఎత్తకముందే మూడు ప్రశ్నలు అడిగిండు. ఆయిల్ తగ్గుతున్నదా? లేదు. పొగ నీలంగ వస్తున్నదా? లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ పోయిందా? పెద్దగ పోలేదు. "అయితే బోర్ కాదు" అన్నడు. ఇంజిన్ స్టార్ట్ చేసి, తిరిగే బెల్టుకు, ఫ్యానుకు దూరంగ ఉండి చెవి పెట్టి విన్నడు. సన్నగ "స్‌..." అని గాలి గుంజుతున్న చప్పుడు. ఇన్‌టేక్ వెనుక వేడికి ఎండి పగిలిన వ్యాక్యూమ్ గొట్టం. ఇంజిన్ ఆపి ఆ పగులును టేపుతోని మూసి మళ్ళీ స్టార్ట్ చేస్తే, ఊగుడు ఆగింది. కొత్త గొట్టం తెచ్చి వేసినం. ఆ రోజు ఖర్చు ఆ రబ్బరు ముక్కదే.

దీంట్ల విషయం ఏందంటే, ఆ గొట్టం పగిలితే లెక్కల లేని గాలి ఇంజిన్ల పోతది. ఆ దొంగ గాలితోని పెట్రోలు ఇచ్చే కంప్యూటర్ లెక్క తప్పుతది. అందుకే ఊగుడు. ఇది మా డిగ్రీ ఫిజిక్స్‌ల కూడా ఉన్నదే. కానీ చెవి పెట్టి పట్టుకున్నది పదో తరగతితో ఆగిన తమ్ముడు.

మన దాంట్ల ఒక అలవాటు పాతుకపోయింది. చదువుకున్నోడు చేతికి నూనె అంటించుకోవద్దు, షెడ్డుల పనిచేసేటోడు చదువు చెడిపోయినోడు అని. తండాల ఒకే ఈడు పిల్లలు ఇట్ల రెండు దిక్కులయిన్రు. ఒకరికి పుస్తకం తెలుసు, ఒకరికి పానా తెలుసు. ఇద్దరూ ఒక్కకాడ కూసుంటే మన పైసలు మనకాడ ఉంటయి.

ట్యూనింగ్ అంటే అప్పుడు, ఇప్పుడు

మారుతి 800 మొదటి కారు 1983 డిసెంబర్ 14న రోడ్డెక్కింది, 2014 జనవరిల తయారీ ఆగిపోయింది. మూడు సిలిండర్లు, 796 సీసీ. పాత రోజుల్ల ట్యూనింగ్ అంటే కార్బొరేటర్ విప్పి కడిగి, స్క్రూ తిప్పి రేస్ సెట్ చేసి, ప్లగ్గుల గ్యాప్ చూసి, టైమింగ్ పెట్టుడు. 2000 సంవత్సరం ప్రాంతం నుంచి మన కార్లకు ఎంపీఎఫ్‌ఐ వచ్చింది. అంటే పెట్రోలు, నిప్పు రెండూ కంప్యూటర్ లెక్క ప్రకారం నడుస్తయి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చినంక సెన్సర్లు ఇంకా పెరిగినయి. అందుకే కొత్త బండ్లల్ల స్క్రూ తిప్పే పని లేదు. అట్లని ఇంటికాడ చేసేది ఏమీ లేదని కాదు. శుభ్రం, నూనె, నీళ్ళు, గాలి, నిప్పు, బ్యాటరీ. ఈ ఆరు సరిగ్గ చూసుకుంటే చానా మటుకు షెడ్డుకు పోయే అవసరమే రాదు.

మన రోడ్లకు తగ్గట్టు ఏమేం చూడాలె

ముందు ఎయిర్ ఫిల్టర్. భూపాలపల్లి దిక్కు బొగ్గు టిప్పర్లు, చెల్పూరు పవర్ ప్లాంటు బూడిద లారీలు, గోదారి ఇసుక లారీలు. జనగామ, మానుకోట దిక్కు తండాకు పోయే మట్టి రోడ్డు. ఈ దుమ్ము అంతా ఇంజిన్ పీల్చే గాలిలనే ఉంటది. ఫిల్టర్ నిండితే పికప్ పోతది, మైలేజ్ పడుతది. చినిగిన ఫిల్టర్ ఇంకా డేంజర్. దుమ్ము లోపలికి పోయి రింగులను, బోర్‌ను అరగదీస్తది. బోర్కొచ్చుడు అంటే అసలు అదే. క్లిప్పులు తీసి ఫిల్టర్ బయటికి తీయండి. మెల్లగ తట్టండి, గాలి కొడితే లోపలి నుంచి బయటికి కొట్టండి. కాగితం ఫిల్టర్‌ను నీళ్ళతో కడగొద్దు. ఎండకు పట్టుకుంటే అవతలి వెలుతురు కనపడకపోతే కొత్తది వేయండి. పాత ట్రాక్టర్లకు ఉండే ఆయిల్ బాత్ ఫిల్టర్ల కింది గిన్నెల బురద పేరుకుంటది, దాన్ని కడిగి కొత్త ఆయిల్ గీత దాకా పోయాలె.

రెండోది ఇంజిన్ ఆయిల్. బండిని చదును నేల మీద ఆపి, కొద్దిసేపు ఆగి, డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి చూడాలె. రెండు గీతల మధ్య ఉండాలె. ఆయిల్ నల్లబడుడు మామూలే, తగ్గుడే చూసుకోవాలె. పాలు కలిపిన చాయ్ రంగు వస్తే నీళ్ళు కలుస్తున్నయి, బండి నడపొద్దు. ఎన్ని కిలోమీటర్లకు మార్చాలె, ఏ గ్రేడు పోయాలె అన్నది మాన్యువల్ల ఉంటది. అదే మాన్యువల్ల దుమ్ము రోడ్ల మీద నడిచే బండికి ఇంకా తొందరగ మార్చాలని వేరే లెక్క రాసి ఉంటది. మన బండ్లన్నీ ఆ లెక్కలకే వస్తయి. ఆయిల్ మార్చినప్పుడల్లా ఆయిల్ ఫిల్టర్ మార్చండి. తీసిన పాత ఆయిల్ బాయిల గానీ, చెల్కల గానీ, వాగుల గానీ పోయొద్దు. ప్రభుత్వ రూల్స్‌ల అది ప్రమాదకర వ్యర్థం కింద వస్తది. డబ్బాల పోసి, పాత ఆయిల్ జమ చేసే షాపుకే ఇయ్యండి.

మూడోది కూలెంట్. రేడియేటర్ల బోరు నీళ్ళు పోసుడు మన దిక్కు చానా మందికి అలవాటు. మన బోరు నీళ్ళు కాగబెట్టిన గిన్నెకు తెల్లగ ఉప్పు పట్టుడు చూసిన్రు కదా, అదే రేడియేటర్ సన్న గొట్టాలల్ల పడుతది. ఎండకాలం మధ్యాహ్నం ఎత్తు రోడ్డు మీద ఇంజిన్ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ పోయేది గట్లనే. కంపెనీ చెప్పిన కూలెంటే పోయండి. టెంపరేచర్ ముల్లు పైకి పోతే బండి పక్కకు తీసి ఆపండి. వేడి మీద రేడియేటర్ మూత అస్సలు తీయొద్దు, ఆవిరి మొఖం మీదికి తన్నుతది. పూర్తిగ చల్లారినంకనే తీయాలె.

నాలుగోది ప్లగ్గులు. ఇవి పెట్రోల్ బండ్లకే. ఇంజిన్ చల్లగ ఉన్నప్పుడు ఒక్కొక్కటే తీసి చూడండి. కొస లేత గోధుమ రంగుల ఉంటే ఇంజిన్ మంచిగ ఉన్నట్టు. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. తడిగ నూనె ఉంటే రింగులో, వాల్వు సీళ్ళో అరిగినయి. తెల్లగ పాలిపోయి ఉంటే ఎక్కువ వేడైతున్నది. ప్లగ్గు మళ్ళీ పెట్టేటప్పుడు ముందు చేత్తోనే తిప్పాలె, పానాతో మొదలు పెడితే మర చెడుతది. డీజిల్ బండికి ఈ ప్లగ్గులు ఉండయి. అక్కడ డీజిల్ ఫిల్టర్ కింద చేరిన నీళ్ళు వదులుడు ముఖ్యం.

ఐదోది బ్యాటరీ. టెర్మినల్ మీద తెల్లగ, పచ్చగ పేరుకుంటే వేడి నీళ్ళల్ల వంట సోడా కలిపి పాత బ్రష్షుతో రుద్ది, ఆరబెట్టి బిగించండి. విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు చివరికి నెగెటివ్. మల్టీమీటర్ ఉంటే ఇంజిన్ ఆపి కొన్ని గంటలైనంక 12.6 వోల్టుల దగ్గర చూపించాలె. ఇంజిన్ నడుస్తుంటే దాదాపు 14 రావాలె. రాకపోతే తప్పు బ్యాటరీది కాదు, డైనమోదో బెల్టుదో. ఇది తెల్వకనే మంచి బ్యాటరీలు పారేసి కొత్తవి కొంటున్నరు.

చివరికి పొగ చదువుడు నేర్చుకోండి. నల్ల పొగ అంటే గాలి తక్కువ లేదా ఇంధనం ఎక్కువ. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతున్నది. ఇంజిన్ వేడెక్కినంక కూడా తెల్లగ దట్టంగ వస్తుంటే కూలెంట్ సిలిండర్ల పోతున్నది. చలికాలం పొద్దున కొంచెం తెల్లటి ఆవిరి మాత్రం మామూలే, దానికి భయపడొద్దు.

చెయ్యి పెట్టకూడని కాడ

ఇది చదివి ఎవరైనా అన్నీ విప్పుతరేమో అని మాకు భయం. అందుకే గట్టిగ చెప్తున్నం. ఒక్క జాకీ మీద లేపిన బండి కిందికి ఎవ్వరూ దూరొద్దు. ఇటుకలు, రాళ్ళు పేర్చి దాని మీద ఆపొద్దు, ఇటుక ఒక్కసారే పలుగుతది. జాకీ స్టాండ్లు రెండు కొనండి, చక్రాలకు అడ్డం పెట్టండి. రేకుల షెడ్డు తలుపులు మూసి ఇంజిన్ నడపొద్దు. దాని పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండది, నిద్రపోయినట్టే ప్రాణం పోతది.

బ్రేకులు, టైమింగ్ బెల్టు, ఎయిర్‌బ్యాగ్, గ్యాస్ కిట్టు తెల్సినోళ్ళకే ఇయ్యండి. కొత్త డీజిల్ ఇంజిన్లల్ల కామన్ రైల్ గొట్టాలల్ల ఒత్తిడి వెయ్యి బార్ దాటి ఉంటది. అక్కడ లీకు ఉందా అని వేలు పెట్టి చూస్తే డీజిల్ చర్మం లోపలికి దూసుకపోతది. గ్యాస్ కిట్టు సొంతంగ బిగించి ఆర్సీల ఎక్కించకపోతే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద కూడా తప్పే. వారంటీల ఉన్న బండి అయితే బిల్లులు దాచుకొని కంపెనీ సర్వీసుకే పోండి.

షెడ్డోళ్ళు మనకు శత్రువులు కాదు

మెకానిక్‌లు అందరూ మోసం చేస్తరని మేం అనుడు లేదు. ఎండల, వానల, రాత్రి రెండింటికి ఫోన్ చేసినా పానా పట్టుకొని వచ్చే అన్నలు ఉన్నరు. మనకు కొంచెం తెల్సి ఉంటే మంచి మెకానిక్‌ను గుర్తుపడతం, అంతే. "విప్పిన పాత సామాను చూపించు అన్నా" అని మర్యాదగ అడగండి. మంచిగ పనిచేసినోడు సంతోషంగ చూపిస్తడు.

ఆ షెడ్డులల్ల హెల్పర్లుగ ఉన్నోళ్ళల్ల మన పిల్లలు చానా మంది. ఏండ్ల తరబడి పని వచ్చి కూడా చేతిల కాగితం లేక హెల్పర్‌గానే మిగిలిపోతున్నరు. వాళ్ళకు మనం చెప్పాల్సినవి కొన్ని ఉన్నయి. పది పాసైతే ఐటీఐల మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు రెండేండ్లు, డీజిల్ మెకానిక్ ట్రేడు ఏడాది. పాలిసెట్ రాస్తే ఆటోమొబైల్ డిప్లొమా ఉన్నది. పని చేసి నేర్చుకున్నోళ్ళకు, వాళ్ళకు ఇప్పటికే వచ్చిన పనినే పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ అనే పద్ధతి 2015ల మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనల పెట్టిన్రు. అప్లికేషన్ నింపుడు, ఫోన్ చేసి కనుక్కునుడు మనకు వచ్చిన పని. వాళ్ళు మనకు ప్లగ్గు పట్టుకునుడు నేర్పితే, మనం వాళ్ళకు ఫారం నింపి పెడదాం. మా దోస్తుది అట్లనే ఇప్పుడు మేమే కూసోబెట్టి నింపుతున్నం. ఆయన టెన్త్ మెమో యాడి పెట్టెల నుంచి తీసి ఇచ్చింది.

మేం చేస్తున్నది, మీరు చేయగలిగేది

మేం నలుగురం పైసలు వేసుకొని ఒక రేకు పెట్టెల సామాన్లు పెట్టినం. 8 నుంచి 19 దాకా పానాలు, ప్లగ్ పానా, స్క్రూడ్రైవర్లు, మల్టీమీటర్, టార్చి, గరాటు, ఆయిల్ పట్టే టబ్బు, రెండు జాకీ స్టాండ్లు. పెట్టె ఒక ఇంట్ల ఉంటది, ఎవరికి కావాలంటే వాళ్ళు తీస్కపోయి తెచ్చి పెడతరు. దాంట్లనే ఒక నోటుబుక్కు. తారీఖు, కిలోమీటర్లు, ఏం మార్చినం, ఎంత అయింది. బండి అమ్మేటప్పుడు ఆ నోటుబుక్కు చూపిస్తే కొనేటోడు నమ్ముతడు.

మా చెల్లెళ్ళు ఇద్దరు ఇప్పుడు డిప్‌స్టిక్ చూసి ఆయిల్ ఎంతుందో చెప్తరు, టైరు మారుస్తరు. డ్రైవింగ్ నేర్చుకుంటున్న అక్కలు, చెల్లెళ్ళు ఇది కూడా నేర్చుకోండి. మానుకోట రోడ్డు మీద రాత్రి బండి ఆగితే ఎవరి కోసమూ భయంగ ఎదురుచూసే పని ఉండొద్దు.

ఇంకొక పని ఈ గ్రూపు అంతా కలిసి చేద్దాం. మాన్యువళ్ళు ఇంగ్లీషుల ఉంటయి, మన బాపులు చదవలేరు. ఒక్కొక్కరం మన ఇంట్ల ఉన్న బండి మాన్యువల్ల ఆయిల్ గ్రేడు, ఎంత పోయాలె, ఎన్ని కిలోమీటర్లకు, టైరు గాలి ఎంత అన్న ఒక్క పేజీ తెలుగుల రాసి ఇక్కడ పెడదాం. గోర్‌బోలిల, కోయ భాషల వాయిస్ చేసి పెడితే ఇంకా మంచిది. ఇంజిన్ల ఏదన్న కొత్త చప్పుడు వస్తే ఫోన్ల రికార్డు చేసి పెట్టండి, మా దోస్తు సాయంత్రం షెడ్డు మూసినంక విని చెప్తా అన్నడు. మొదటి పేజీ మారుతి 800ది మేం రేపు పెడతం. టాటా మ్యాజిక్, ఆటో, ట్రాక్టర్ ఎవరి ఇంట్ల ఉంటే వాళ్ళు ఈ ఆదివారం లోపల కామెంట్ల చెప్పండి.